రీయూనియన్ మీదుగా ఐరోపా నిధి: చెన్నై చిన్న పరిశ్రమ ఇంటర్‌రెగ్‌ను వాడుకునే పద్ధతి

అంబత్తూరులోనో గిండీలోనో తిరుముడివాక్కంలోనో షెడ్డు నడిపే తెలుగువాళ్లు ఐరోపా నిధులంటే పెద్ద కంపెనీల వ్యవహారమని వదిలేస్తుంటారు. ఆ నిధుల్లో ఒకటి మాత్రం మన సముద్రంలోనే ఉంది. మడగాస్కర్‌కు తూర్పున ఉన్న రీయూనియన్ దీవి ఫ్రాన్సులో భాగం, అందువల్ల ఐరోపా యూనియన్‌లోనూ భాగం. అక్కడ చెల్లేది యూరో, నడిచేది ఐరోపా ప్రమాణం. సరిహద్దులకు అటూ ఇటూ ఉన్న ప్రాంతాలు కలిసి పనిచేయడానికి ఐరోపా యూనియన్ 1990 నుంచి నడుపుతున్న ఇంటర్‌రెగ్ పథకంలో ఈ దీవికి ప్రత్యేకంగా ‘హిందూ మహాసముద్ర కార్యక్రమం’ ఉంది. భాగస్వామ్య దేశాల జాబితాలో మారిషస్, మడగాస్కర్, సీషెల్స్, శ్రీలంకలతో పాటు భారతదేశం కూడా ఉంది. 2014–20 విడతలో దీనికి కేటాయించిన ఐరోపా ప్రాంతీయాభివృద్ధి నిధి 6 కోట్ల యూరోలు దాటింది. ఇప్పుడు నడుస్తున్నది 2021–27 విడత. నిర్వహణ బాధ్యత రీయూనియన్ ప్రాంతీయ మండలిది.

ఈ నిధిలో మన బలం ఒక్క నిబంధనలో ఉంది. కనీసం రెండు దేశాల భాగస్వాములు లేకపోతే ప్రాజెక్టు చెల్లదు, వారిలో ఒకరు ఐరోపా యూనియన్ దేశానికి చెందిన లబ్ధిదారు అయి తీరాలి. అంటే రీయూనియన్ సంస్థకు డబ్బు రావాలంటే బయటి దేశం మనిషి ఒకరు కావాలి. ఆ ఒకరు మీరు కావచ్చు. బేరం ఆడాల్సింది ఇక్కడి నుంచే. చాలామంది మాత్రం మొదటి ఉత్తరంలోనే ‘మాకెంత వస్తుంది’ అని అడిగి చెడగొట్టుకుంటారు.

ముందు మీ కుర్చీ ఏదో తేల్చుకోండి

ప్రాజెక్టులో చెన్నై సంస్థ మూడు రకాలుగా కూర్చోవచ్చు. బడ్జెట్ ఉన్న భాగస్వామిగా ఉండవచ్చు. సొంత ఖర్చుతో పాల్గొనే సహ భాగస్వామిగా ఉండవచ్చు. లేదా ప్రాజెక్టుకు సరుకో సేవో అమ్మే సరఫరాదారుగా ఉండవచ్చు. తర్వాత వచ్చే పన్ను, బ్యాంకు, ఒప్పందం వ్యవహారాలన్నీ ఈ ఎంపికను బట్టే మారతాయి.

భాగస్వామిగా సంతకం పెట్టినవారు అదే ప్రాజెక్టుకు ఇన్వాయిస్ వేసి లాభం తీసుకోవడం కుదరదు. భాగస్వామికి వచ్చేది చేసిన ఖర్చులో కొంత వాటా మాత్రమే. మీ ఉద్దేశం ఒక యంత్రం అమ్ముకోవడమే అయితే సరఫరాదారుగా ఉండటం మేలు. కానీ కొనే సంస్థ ప్రభుత్వానిదైతే ఫ్రెంచి టెండరు నియమాలు వర్తిస్తాయి, ఆ పోటీలో మీరు గెలవాలి. స్పెసిఫికేషన్లు రాయడంలో మీ చేయి ఉందని తేలితే మీ బిడ్ పక్కన పెట్టేస్తారు. ముందు సలహా ఇచ్చి తర్వాత బిడ్ వేయాలనుకునేవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు.

యాభై మందిలోపు పనివాళ్లున్న యూనిట్లకు మా సలహా సహ భాగస్వామి కుర్చీయే. చేతికి డబ్బు రాదు. అయితే అక్కడి ప్రయోగశాలలో పరీక్ష, ఉప్పుగాలిలోనూ తుపాను గాలుల్లోనూ మీ సరుకు ఎలా నిలబడుతుందన్న సమాచారం, ఫ్రెంచి భాషలో సాంకేతిక పత్రాలు, చెప్పుకోవడానికి ఒక ఐరోపా వాడకందారు దక్కుతారు. ఇవన్నీ సొంత డబ్బుతో చేయించుకుంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే సహ భాగస్వామి పెట్టేది తక్కువే.

బడ్జెట్ ఉన్న భాగస్వామిగానే ఉండాలనుకుంటే, కాల్ (ప్రాజెక్టు ప్రతిపాదనలను ఆహ్వానించే ప్రకటన) పత్రంలో ‘భాగస్వామ్య దేశంలో అయ్యే ఖర్చు అర్హమా’ అన్న పేరా ముందు చదవండి. కార్యక్రమ లక్ష్యాలకు ఉపయోగపడితే పనిలో కొంతభాగం ఐరోపా యూనియన్ బయట చేయవచ్చని ఇంటర్‌రెగ్ నియమావళి ఒప్పుకుంటుంది. ఎంతవరకు అన్నది కాల్ చెబుతుంది.

విషయం ఎంపిక

రీయూనియన్‌కు ఏం కావాలో చూడాలి. మన దగ్గర ఏం మిగిలిందన్నది వాళ్లకు అనవసరం. అది ఎవరి గ్రిడ్‌తోనూ కలవని విద్యుత్ వ్యవస్థ ఉన్న దీవి. చెరకు ప్రధాన పంట. బ్వా రూజ్, లె గోల్ అనే రెండు చక్కెర మిల్లుల పక్కనే పిప్పితో కరెంటు తీసే కేంద్రాలున్నాయి. తినేదాంట్లో, వాడేదాంట్లో చాలాభాగం ఓడల్లో రావాలి. కాబట్టి పిప్పి, సౌరశక్తి, నీటిశుద్ధి, కోత తర్వాత పండ్లు కూరలు నిలవచేయడం, తుప్పు పట్టని పరికరాలు లాంటివి పనికొచ్చే దిశలు. చెన్నై వైపు వీటికి బలమైన తోడు దొరుకుతుంది. పళ్లికరణైలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఉంది, 2005లో కవరత్తి దీవిలో సముద్రపు ఉష్ణోగ్రతల తేడాతో మంచినీళ్లు తీసే ప్లాంటు పెట్టింది వాళ్లే. ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్క్ ఉంది. ఇలాంటి సంస్థ పక్కన ఉంటే చిన్న యూనిట్ దరఖాస్తుకు బరువు పెరుగుతుంది.

అక్కడి వైపు వెతకాల్సిన పేర్లు: రీయూనియన్ విశ్వవిద్యాలయం, ఉష్ణమండల వ్యవసాయ పరిశోధన సంస్థ సిరాడ్, జీవ ఆర్థికరంగ క్లస్టర్ క్వాలిట్రోపిక్, ఎగుమతిదారుల క్లబ్ ‘క్లబ్ ఎక్స్‌పోర్ట్ రీయూనియన్’, వాణిజ్య మండలి. ఉత్తరం ఫ్రెంచిలో ఒకే పేజీ రాయండి. మొదటి పేరాలో వాళ్ల సమస్య, రెండో పేరాలో మీరు ఇప్పటికే చేసి చూపిన పని, మూడో పేరాలో మీరు కోరే కుర్చీ ఉండాలి. కంపెనీ చరిత్ర వద్దు. మెషీన్ అనువాదం పంపితే జవాబు రాకపోవడమే మామూలు. పుదుచ్చేరిలో చక్కటి ఫ్రెంచి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఒకరితో నెలవారీ ఏర్పాటు చేసుకోండి. దరఖాస్తు నుంచి ఆడిట్ దాకా కాగితాలన్నీ ఆ భాషలోనే నడుస్తాయి కాబట్టి ఇది ఒక్క ఉత్తరంతో తీరే అవసరం కాదు. సమయం మాత్రం అనుకూలం. వాళ్ల గడియారం మనకంటే గంటన్నర వెనక, అంతే.

ప్రయాణం ముందు ఒక జాగ్రత్త. రీయూనియన్ షెంజెన్ ప్రాంతంలో లేదు. మామూలు షెంజెన్ వీసా అక్కడ పనిచేయదు. దరఖాస్తులోనే రీయూనియన్‌కు చెల్లేలా అడగాలి.

బడ్జెట్: శాతాల లెక్క

ఇంటర్‌రెగ్‌లో నిధి మొత్తం ఖర్చు భరించదు. సాధారణ పరిమితి 80 శాతం. మిగతాది భాగస్వాములు తెచ్చుకోవాలి. ఖర్చు శీర్షికలు ఆరు: సిబ్బంది, కార్యాలయ నిర్వహణ, ప్రయాణం–బస, బయటి నిపుణుల సేవలు, పరికరాలు, కట్టడాలు. వీటిలో కొన్నింటికి బిల్లులు చూపకుండా స్థిర శాతం వేసుకునే వీలుంది. కార్యాలయ నిర్వహణకు సిబ్బంది ఖర్చులో 15 శాతం దాకా, ప్రయాణానికి మరో 15 శాతం దాకా. లేదంటే సిబ్బంది తప్ప మిగతా అన్నింటికీ కలిపి సిబ్బంది ఖర్చులో 40 శాతం దాకా ఒకే గంపలో వేసుకోవచ్చు.

ఏది లాభమో ఒక లెక్క వేద్దాం. సిబ్బంది ఖర్చు 1,00,000 యూరోలు అనుకోండి. 40 శాతం పద్ధతిలో మొత్తం బడ్జెట్ 1,40,000, నిధి వాటా 1,12,000, సొంతంగా 28,000. అదే శీర్షికల పద్ధతిలో కార్యాలయం 15,000, ప్రయాణం 15,000, బయటి సేవలు 40,000, పరికరాలు 50,000 కలిపితే మొత్తం 2,20,000; నిధి వాటా 1,76,000; సొంతంగా 44,000. యంత్రం కొనాల్సిన పని ఉంటే రెండోది, మనుషుల పనే ఎక్కువైతే మొదటిది. 40 శాతం పద్ధతి ఎంచుకుని, తర్వాత పరికరాల బిల్లు విడిగా పెట్టబోతే తీసేస్తారు.

సిబ్బంది ఖర్చుకు ఒక సూత్రం ఉంది. సంవత్సరానికి ఉద్యోగిపై కంపెనీ పెట్టే మొత్తాన్ని, అంటే జీతంతో పాటు పీఎఫ్, ఈఎస్ఐలలో యజమాని వాటా కూడా కలిపి, 1,720తో భాగిస్తే గంట రేటు వస్తుంది. ఏడాదికి 8,60,000 రూపాయలైతే గంటకు 500. ఒక మనిషి పేరిట ఏడాదికి 1,720 గంటలకు మించి చూపకూడదు. ఇంకో మార్గం, ‘ఈ ఉద్యోగి సమయంలో 40 శాతం ఈ ప్రాజెక్టుకు’ అని ముందే రాతపూర్వకంగా నిర్ణయించడం. అప్పుడు టైమ్‌షీట్ అక్కర్లేదు. చిన్న యూనిట్‌కు ఇదే హాయి. షాప్‌ఫ్లోర్‌లో ఎవరూ గంటలు రాయరు, ఆఖర్న ఒకే పెన్నుతో ఆరు నెలల షీట్లు నింపుతారు, ఆడిటర్ వాటిని ఒక్క చూపులో పట్టేస్తాడు.

చెల్లని ఖర్చులు కూడా తెలుసుకోండి. జరిమానాలు, అప్పు మీద వడ్డీ, మారకపు రేటు తేడా వల్ల వచ్చే నష్టం చెల్లవు. బహుమతులు ఒక్కోటి 50 యూరోలకు మించితే చెల్లవు. అతిథికి పట్టు శాలువా, వెండి దీపం ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, ప్రాజెక్టు ఖాతాలో రాయకండి.

డబ్బు ఎప్పుడు వస్తుంది, ఎంత తరుగుతుంది

మీరు పెట్టిన ఖర్చును తర్వాత తిరిగి ఇచ్చే పద్ధతి ఇది. ముందు మీరు ఖర్చు పెట్టాలి, బ్యాంకు ద్వారానే పెట్టాలి, రుజువు చూపాలి. తర్వాతే డబ్బు. జనవరిలో ఖర్చు పెట్టి ఆరు నెలల నివేదికలో చూపారనుకోండి. ఆ పత్రాల పరిశీలనకు నియమావళి ఇచ్చిన గడువు మూడు నెలలు. ఆపైన చెల్లింపు అభ్యర్థన అందాక 80 రోజుల దాకా. ఎక్కడా ఒక్క కాగితం వెనక్కి రాకపోయినా దాదాపు ఏడాది. వెనక్కి వస్తే ఇంకా ఎక్కువ. డబ్బు ముందు ప్రాజెక్టును ముందుండి నడిపే లీడ్ పార్ట్‌నర్‌కు చేరుతుంది, అక్కడి నుంచి మీకు. అందుకే బడ్జెట్ ఉన్న భాగస్వామిగా చేరేముందు ఏడాది ఖర్చును మీ ఓవర్‌డ్రాఫ్ట్ మోయగలదో లేదో చూసుకోవాలి. ఆ వడ్డీని ప్రాజెక్టు భరించదని పైన చెప్పుకున్నాం.

రూపాయల్లో పెట్టిన ఖర్చును యూరోల్లోకి మార్చేది మీరు చెల్లించిన రోజు రేటుతో కాదు. పరిశీలనకు సమర్పించిన నెలలో ఐరోపా కమిషన్ ప్రకటించిన నెలవారీ రేటుతో. యూరో 100 రూపాయలున్నప్పుడు 10 లక్షలు ఖర్చు పెట్టారనుకోండి, 10,000 యూరోలు. సమర్పించే నెలకు 105 అయితే అది 9,523 యూరోలే. కాగితం మీద తగ్గినట్టు కనబడ్డా ఆ యూరోలు అదే రేటుకు రూపాయల్లోకి మారితే మీకు నష్టం లేదు. అసలు నష్టం సమర్పించిన తర్వాత డబ్బు చేతికొచ్చేలోపు రేటు పడితే వస్తుంది. ఇంకో చిక్కు, మీ బడ్జెట్‌ను యూరోల్లో లెక్కగట్టి ఒప్పుకుంటే, రూపాయి పడ్డప్పుడు అందులో మీరు వాడిన శాతం తక్కువగా కనబడి, ఆ మిగులును వేరే భాగస్వామి లాగేసుకోవచ్చు. ఒప్పందంలో దీనికి ఒక వాక్యం రాయించుకోండి.

మన దేశం వైపు కాగితాలు

ఎక్కువ ప్రాజెక్టులు ఆగేది ఇక్కడే. మొదటి ప్రశ్న విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ. విదేశీ మూలం నుంచి గ్రాంటుగా వచ్చే డబ్బు ఈ చట్టం కిందికి వస్తుంది. వ్యాపార క్రమంలో అమ్మిన సరుకుకు, చేసిన సేవకు వచ్చే డబ్బు రాదు. అంటే సరఫరాదారు కుర్చీలో ఉంటే బెంగ లేదు, ఇన్వాయిస్ ఉంది. భాగస్వామిగా గ్రాంటు వాటా తీసుకుంటే మాత్రం సంతకానికి ముందే న్యాయసలహా తప్పదు.

పరిశ్రమల సంఘం భాగస్వామిగా దిగాలనుకుంటే ఇంకా జాగ్రత్త. ఈ చట్టం కింద నమోదుకు సంఘం పుట్టి మూడేళ్లు కావాలి, ఆ మూడేళ్లలో అసలు కార్యకలాపాలపై కనీసం 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. అంత లేకపోతే ఫలానా దాత, ఫలానా మొత్తం అని చూపించి ముందస్తు అనుమతి అడగవచ్చు. డబ్బు మొదట దిగాల్సింది న్యూఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ఖాతాలోనే. పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు. అన్నిటికంటే ముఖ్యం, 2020 సవరణ తర్వాత ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడం నిషేధం. సంఘం పేరిట తీసుకుని సభ్య యూనిట్లకు పంచుదామన్న ఆలోచన అక్కడితో ముగుస్తుంది. సంఘం సహ భాగస్వామిగా ఉండి, యూనిట్లు విడివిడిగా సేవలు అమ్మడం చట్టానికి లోబడిన దారి.

జీఎస్టీలో సేవల ఎగుమతికి పన్ను సున్నా. దానికి ప్రతి ఆర్థిక సంవత్సరం మొదట్లోనే ఆర్‌ఎఫ్‌డీ–11 రూపంలో లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్ వేయాలి. మరిచిపోతే ఐజీఎస్టీ కట్టి రీఫండ్ కోసం తిరగాలి. మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక సంగతి: ఆఫీసు చెన్నైలో, ఫ్యాక్టరీ శ్రీసిటీలోనో నాయుడుపేటలోనో ఉంటే రెండు రాష్ట్రాలకు రెండు జీఎస్టీ నంబర్లు ఉంటాయి. ప్రాజెక్టు పత్రంలో తమిళనాడు చిరునామా రాసి, ఆంధ్ర నంబరు మీద ఇన్వాయిస్ వేస్తే రీయూనియన్ ఆడిటర్‌కు అవి రెండు వేర్వేరు సంస్థల్లా కనబడతాయి. దరఖాస్తు రోజునే ఏ నంబరో తేల్చి, చివరిదాకా అదే వాడండి. అక్కడి నుంచి నమూనాలు తెప్పించి ఇక్కడ పరీక్షించే పనైతే, సేవ జరిగిన చోటు భారతదేశమే అవుతుందని పన్ను అధికారులు అనే వీలుంది. అప్పుడది ఎగుమతి కాదు. ఇన్వాయిస్‌కు ముందే ఆడిటర్‌ను అడగండి, తర్వాత అడిగి లాభం లేదు.

కంపెనీ పత్రాలకు విదేశాంగ శాఖ అపొస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ), ఫ్రెంచి అధీకృత అనువాదం అవసరం కావచ్చు. టాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ (మీరు పన్ను విషయంలో భారత నివాసి అన్న ధ్రువపత్రం) ముందే తీసి ఉంచుకుంటే అక్కడ పన్ను కోత మీద వాదన తగ్గుతుంది.

సరుకు దిగేటప్పటి ధర

పోటీ శక్తి పెరిగిందా లేదా అన్నది ప్రాజెక్టు నివేదికలో తెలియదు, ల పోర్ రేవులో దిగిన ధరలో తెలుస్తుంది. రీయూనియన్ ఐరోపా కస్టమ్స్ పరిధిలో ఉంది కానీ ఐరోపా వ్యాట్ పరిధిలో లేదు. కస్టమ్స్ సుంకం పైన ‘ఒక్త్రోవా ద మేర్’ అనే సముద్ర సుంకం పడుతుంది. దాని రేట్లు ప్రాంతీయ మండలి వస్తువును బట్టి నిర్ణయిస్తుంది, స్థానికంగా తయారయ్యే సరుకును కాపాడటం కూడా దాని ఉద్దేశమే. ఆపైన వ్యాట్, మామూలు రేటు 8.5 శాతం. మీ వస్తువుకు స్థానిక తయారీదారు ఉంటే పూర్తి యంత్రం పంపడం కంటే విడిభాగాలు పంపి అక్కడి భాగస్వామి చేత బిగింపించడం చౌక కావచ్చు. ఈ లెక్క దరఖాస్తు రాసేటప్పుడే వేయండి, ప్రాజెక్టు రూపమే మారిపోతుంది.

యంత్రాలైతే ఐరోపా ప్రమాణాలకు సరిపోతాయని చూపే సీఈ గుర్తు తప్పదు. 2006/42 యంత్రాల ఆదేశం స్థానంలో 2023/1230 నియమావళి 2027 జనవరి 20 నుంచి వర్తిస్తుంది. ఆ తేదీ దాటి మార్కెట్లోకి వెళ్లే నమూనాను పాత ఆదేశానికి తగ్గట్టు తయారు చేయడం డబ్బు దండగ. వాడుక పుస్తకం ఫ్రెంచిలో ఉండాలి.

రీయూనియన్‌లో నిలబడ్డ సరుకుకు పక్కనే మారిషస్ ఉంది. భారత్–మారిషస్ వాణిజ్య ఒప్పందం 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, కాబట్టి అక్కడికి చెన్నై నుంచి నేరుగా పంపడమే మేలు. రీయూనియన్ పరీక్ష ఫలితాలు మాత్రం వెంట తీసుకెళ్లండి. అవి మీవి కావాలంటే భాగస్వామ్య ఒప్పందంలో ‘ఫలితాలను ఐరోపా బయట వాడుకునే హక్కు చెన్నై భాగస్వామిది’ అని ఉండాలి. రెడీమేడ్ ఒప్పందాల్లో ఈ వాక్యం ఉండదు, అడిగితే సాధారణంగా కాదనరు.

అక్కడి ప్రైవేటు భాగస్వామికి ఒక పరిమితి ఉంది. చిన్న సాయాల కింద ప్రభుత్వాల నుంచి ఒక సంస్థ మూడేళ్లలో తీసుకోగలిగింది 3,00,000 యూరోలు. 2024 నుంచి ఇదే లెక్క. మీ భాగస్వామి ఆ కోటా ఇప్పటికే వాడేసి ఉంటే ప్రాజెక్టు ఆమోదం దగ్గర ఇరుక్కుంటుంది. మొదటి సమావేశంలోనే అడగండి, తప్పుగా అనుకోరు.

ఐరోపా జెండాతో కనీసం ఏ3 సైజు పోస్టరు లబ్ధిదారు ఆవరణలో నలుగురికీ కనబడేచోట ఉండాలి. ఇలాంటి ప్రచార నియమాలు పాటించకపోతే సాయంలో 2 శాతం దాకా కోసే అధికారం ఉంది. బిల్లులు, ఒప్పందాలు, ఫొటోలు చివరి చెల్లింపు జరిగిన సంవత్సరం డిసెంబరు 31 నుంచి ఐదేళ్లు భద్రపరచాలి. ఈ విడతలో ఖర్చుకు ఆఖరి తేదీ 2029 డిసెంబరు 31. రెండేళ్ల ప్రాజెక్టుకు, ముందున్న భాగస్వామి వెతుకులాటకు, వెనక ఉన్న పరిశీలనకు కలిపి మూడున్నరేళ్లు వేసుకుంటే, కాల్ ప్రకటించాక మొదలుపెట్టేవారికి వ్యవధి చాలదు. భాగస్వామిని కుదుర్చుకుని, పేజీన్నర ప్రతిపాదన ఫ్రెంచిలో సిద్ధం చేసుకుని కాల్ కోసం కాచుకోవాలి.